నడుం బెల్టు కట్టి మిద్దె మీంచి మనిషిని దించకండి

సంపాదకులకు నమస్కారం.

బ్రహ్మోత్సవాలు దగ్గర పడుతున్నాయంటే తిరుపతిలో లాడ్జీల గోడలకు రంగులు మొదలవుతాయి. బస్టాండు చుట్టుపక్కల, రేణిగుంట రోడ్డులో, కరకంబాడి రోడ్డులో నాలుగైదు అంతస్తుల మీంచి పలకల మీద కూర్చుని వేలాడే పెయింటర్లు వరసగా కనిపిస్తారు. అద్దాలు తుడిచేవాళ్ళు, ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు, కూడళ్ళలో హైమాస్ట్ దీపాలు చూసేవాళ్ళు, విద్యుత్ తోరణాలు బిగించేవాళ్ళు, అందరికీ ఇదే సీజను. చిత్తూరులోనూ ఇంతే. ఈ పనుల ఒప్పందాల్లో భద్రత గురించి ఉండేది సాధారణంగా ఒకే ఒక్క ముక్క: 'సేఫ్టీ బెల్టు, హెల్మెట్ వాడవలెను.' ఆ ముక్కను పట్టుకుని మేస్త్రీ హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి ఒక నడుం బెల్టు, ఒక ప్లాస్టిక్ టోపీ, ఒక చుట్ట తాడు తెస్తాడు. చట్టం పాటించినట్టు అందరూ అనుకుంటారు. ఆ మూడింటిలో ఏదీ మనిషిని కాపాడే సామాను కాదు. ఏది కొనాలో, ఎంత కొనాలో, ఎందుకో వివరంగా రాస్తున్నాం. పని ఇచ్చేవాళ్ళు, చేయించేవాళ్ళు, చేసేవాళ్ళు ముగ్గురూ చదవాలని మా కోరిక.

ముందు నడుం బెల్టు సంగతి. 80 కిలోల మనిషి రెండు మీటర్లు జారి, సాగని తాడు మీద 20 సెంటీమీటర్లలో ఆగాడనుకోండి. ఆ ఆగే క్షణంలో అతని మీద పడే లాగుడు సగటున సుమారు 880 కిలోల బరువంత. ఆ బరువంతా నాలుగు వేళ్ళ వెడల్పున్న పట్టీ గుండా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. లోపలి అవయవాలు దెబ్బతింటాయి, నడుము విరుగుతుంది. బతికి బయటపడ్డా మనిషి మధ్యకు మడిచినట్టు వేలాడతాడు, ఊపిరాడదు. తల బరువుకు తలకిందులైతే బెల్టులోంచి జారిపోతాడు కూడా. అమెరికాలో 1998 జనవరి 1 నుంచి పడిన మనిషిని ఆపే పనికి నడుం బెల్టు వాడకాన్ని నిషేధించారు. మన దగ్గర ఇంకా అదే 'సేఫ్టీ' పేరుతో అమ్ముడుపోతోంది.

దాని బదులు కావలసింది ఒళ్ళంతా పట్టే హార్నెస్. భుజాల మీంచి, ఛాతీ మీంచి, రెండు తొడల చుట్టూ నవారు పట్టీలు ఉండేది. పడితే లాగుడు తొడలకు, పిరుదులకు పంచుకుపోతుంది, మనిషి నిటారుగా ఉంటాడు. అందులోనూ రెండు రకాలున్నాయి, ఇక్కడే చాలామంది తప్పు రకం కొంటారు. కట్టడాల దగ్గర వాడే మామూలు హార్నెస్‌కు వీపు మీద ఒక్క రింగే ఉంటుంది. అది పడితే ఆపడానికి మాత్రమే. తాడు మీద కూర్చుని గంటల తరబడి పనిచేసేవాడికి అది పనికిరాదు, ఎందుకంటే వీపు రింగు మీద వేలాడితే చేతులతో ముందున్న తాడును అందుకోలేడు, తొడ పట్టీలు కోసుకుపోతాయి. తాడు మీద పనికి నాభి దగ్గర ఒక రింగు, ఛాతీ మీద ఒకటి, వీపు మీద ఒకటి, నడుముకు రెండు పక్కలా రెండు ఉండాలి. నాభి రింగు కూర్చోవడానికి, ఛాతీ రింగు రక్షణ తాడుకు, పక్క రింగులు స్తంభం చుట్టూ పట్టీ వేసుకోవడానికి. నడుము దగ్గరా తొడల దగ్గరా దళసరి మెత్త ఉండాలి. మన ప్రమాణం ఐఎస్ 3521. దిగుమతి సరుకైతే లేబుల్ మీద యూరప్ ప్రమాణాలు ఈఎన్ 361, ఈఎన్ 813, ఈఎన్ 358 మూడూ ఉన్నాయో లేదో చూడండి. మొదటిది పడితే ఆపడానికి, రెండోది కూర్చోవడానికి, మూడోది స్తంభాన్ని ఆనుకుని నిలబడడానికి. కొనేముందు షాపులోనే వేసుకుని, ఏదైనా బలమైన కడ్డీకి కట్టి అడుగు ఎత్తులో పది నిమిషాలు వేలాడి చూడాలి. తొడలు తిమ్మిరెక్కితే ఆ సైజు మీది కాదు. పట్టీ బిగించాక తొడకూ పట్టీకీ మధ్య అరచెయ్యి చదునుగా దూరాలి, పిడికిలి దూరకూడదు.

పెయింటర్లు కూర్చునే పలక, మన వాళ్ళు జూలా అనేది, తెరచాప ఓడల్లో శతాబ్దాలుగా ఉన్నదే. ఓడ కొయ్య పైకెక్కి కప్పీలు, తాళ్ళు సరిచేసే నావికుణ్ణి అలాంటి పలక మీదే కూర్చోబెట్టి లాగేవారు. ఇప్పటికీ తెరచాప పడవల వాళ్ళు కొయ్య ఎక్కాల్సి వస్తుంది. ఆ అనుభవంలోంచి వాళ్ళు నేర్చుకున్న జాగ్రత్తలు మన మిద్దెలకు అచ్చంగా వర్తిస్తాయి. పలక హాయికోసమే, ప్రాణం హార్నెస్ మీద ఉండాలి. కూర్చున్నవాడు వెనక్కి వాలితే పలక జారిపోతుంది. మనిషిని లాగే తాడు కాకుండా రెండో తాడు వేరే కప్పీ గుండా రావాలి, దాన్ని వేరే మనిషి పట్టుకోవాలి. తెరచాపకు తగిలించే స్ప్రింగు హుక్కులను నమ్మకుండా తాడును నేరుగా హార్నెస్ రింగుకు ముడివేయాలి. చివరిది, మోటారు వించ్‌తో, అంటే తాడు చుట్టి లాగే యంత్రంతో, మనిషిని లాగకూడదు. మనిషి కాలు ఎక్కడైనా ఇరుక్కుంటే చేత్తో తిప్పేవాడికి బరువు తెలుస్తుంది, ఆగుతాడు. మోటారుకు తెలియదు. ఇటుకలు పైకి తెచ్చే మోటారు కప్పీకి మనిషిని తగిలించి పైకి లాగే అలవాటు మన ఊళ్ళో కూడా ఉంది. దాన్ని ఇవాళే మానేయాలి.

రెండు తాళ్ళ సూత్రమే మొత్తం విషయానికి మూలం. పనితాడు మీద మనిషి కూర్చుంటాడు, దిగుతాడు, ఎక్కుతాడు. రక్షణ తాడు మీద బరువు ఉండదు, మనిషితో పాటు ఒక పరికరం దానిమీద జారుతూ ఉంటుంది. ఒకటి తెగినా, ఒక ముడి విడిపోయినా, ఒక పరికరం పట్టు తప్పినా రెండోది ఉంటుంది. రెండు తాళ్ళూ ఒకే కడ్డీకి కడితే రెండు కట్టినట్టు కాదు. కడ్డీ ఊడితే రెండూ పోతాయి.

కాబట్టి తాడు కట్టే చోటు గురించి కాస్త ఆగి చెప్పాలి. ప్రమాదాల బీజం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది, పరికరాల షాపుల్లో దీని గురించి ఎవరూ చెప్పరు. మన మిద్దెల మీద నమ్మదగినవి రెండు: మెట్లగది కాంక్రీటు పిల్లర్లు, నీళ్ళ ట్యాంకును మోసే కాంక్రీటు పిల్లర్లు. అదీ పిల్లర్ అడుగున, స్లాబుకు దగ్గరగా కట్టాలి. నమ్మకూడనివి చాలా ఉన్నాయి. పిట్టగోడ చాలా ఇళ్ళలో నాలుగంగుళాల ఇటుక గోడే, లోపల కడ్డీ ఉండదు, పక్కకు లాగితే పడిపోతుంది. సోలార్ హీటరు స్టాండు మేకులతో కూర్చున్నది. ప్లాస్టిక్ ట్యాంకు, ఎంత నీళ్ళున్నా, ఖాళీ అయ్యే వస్తువు. డిష్ గొట్టం, ఏసీ బ్రాకెట్టు, నీళ్ళ పైపు, రేకుల షెడ్డు కోణాలు, వీటిని చూడనే కూడదు. పిల్లర్ నుంచి బయటకు పొడుచుకొచ్చి తుప్పు పట్టిన కడ్డీలు, భవిష్యత్తులో అంతస్తు వేయడానికి వదిలినవి, బలంగా కనిపిస్తాయి కానీ అంచు కత్తిలా ఉంటుంది, వంగితే తాడు పైకి జారిపోతుంది.

పిల్లర్ చుట్టూ తాడును నేరుగా చుట్టకుండా పాలియెస్టర్ నవారు స్లింగు వేసి, దాని కింద మందపాటి గోనె కానీ పాత ఫైర్ హోసు ముక్క కానీ పెట్టి, రెండు కొసలనూ తెరిచి మూసే గేటున్న కొక్కెంతో, అంటే కారబైనర్‌తో కలపాలి. ఒక్కో మనిషికి రెండు పిల్లర్లు, రెండు స్లింగులు. ఒకవేళ రెండు పిల్లర్ల మధ్యలోంచి తాడు దించాల్సి వచ్చి రెంటినీ కలిపి వై ఆకారంలో కడితే, ఆ రెండు కాళ్ళ మధ్య కోణం 90 డిగ్రీలు దాటనివ్వకండి. 90 దగ్గర ఒక్కో కాలు మీద మొత్తం బరువులో 71 శాతం పడుతుంది. 120 దగ్గర ఒక్కో దాని మీద పూర్తి బరువు పడుతుంది, అంటే రెండు కట్టినా లాభం లేదు. 150 దగ్గర ఒక్కో కాలు దాదాపు రెండింతలు మోస్తుంది. దూరదూరంగా ఉన్న రెండు పిల్లర్ల మధ్య బట్టలారేసే తీగలా బిగించి దానికి మనిషిని తగిలించడం ఇందుకే చాలా ప్రమాదం.

ఇక తాడు. షాపులో దొరికే పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల తాళ్ళు ఎక్కువగా పాలీప్రొపిలీన్. నీళ్ళలో తేలుతుంది, చవక, నునుపు. ఎండకు పెళుసై పొట్టు రాలుతుంది, దాదాపు 165 డిగ్రీలకే కరుగుతుంది, ముడి జారుతుంది. తిరుపతి మే నెల ఎండలో ఒక్క వేసవి మిద్దె మీద పడున్న తాడును గోరుతో గీకితే పొడి రాలడం చూడొచ్చు. కొబ్బరి తాడు, జనపతాడు లోపల కుళ్ళినా పైకి తెలియదు. మనిషిని మోసే తాడు రెండు పొరల తాడు కావాలి: లోపల బరువు మోసే గుజ్జు, పైన దాన్ని కాపాడే అల్లిక తొడుగు. నైలాన్ కానీ పాలియెస్టర్ కానీ, తక్కువ సాగేది, లేబుల్ మీద ఈఎన్ 1891 టైప్ ఏ అని ఉండేది, 11 మిల్లీమీటర్ల మందం. ఆ ప్రమాణం ప్రకారం ముడిలేని తాడు కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,200 కిలోల లాగుడు తట్టాలి. కొసన ముడి వేసి పరీక్షిస్తే 15 తట్టాలి. ముడి వేసిన చోట తాడు బలం ఎప్పుడూ తగ్గుతుంది, అంత ఎక్కువ బలం పెట్టేది అందుకే. పడవల వాళ్ళు ఇష్టపడే డైనీమా తాడు సన్నగా ఉండి ఉక్కంత బలం చూపిస్తుంది కానీ మన పనికి వద్దు. అది అతి నునుపు, ముడులు జారతాయి, తాడు మీద పైకి ఎక్కే పరికరాల (అసెండర్ల) పళ్ళు పట్టవు, 150 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి దిగేటప్పుడు పుట్టే వేడికి తట్టుకోదు.

ఎంత పొడవు కొనాలో లెక్క వేద్దాం. కింది అంతస్తు కాక మరో నాలుగంతస్తుల లాడ్జీ, పిట్టగోడతో కలిపి సుమారు 16 మీటర్లు. పిల్లర్ నుంచి అంచు దాకా నాలుగు మీటర్లు, ముడులకు రెండు, నేల మీద మిగలాల్సింది ఒకటి రెండు. మొత్తం 24. అందరూ ఇక్కడితో లెక్క ఆపి 25 మీటర్లు కొంటారు. కానీ పై అంతస్తు దగ్గర వేలాడుతున్న మనిషికి కళ్ళు తిరిగితే అతణ్ణి మిద్దె మీంచే కిందికి దించగలగాలి. అందుకు ఇంకో 16 మీటర్ల తాడు మిద్దె మీద చుట్టగా ఉండాలి. కాబట్టి ఒక్కో తాడు 45 మీటర్లు, రెండు తాళ్ళు. 100 మీటర్ల చుట్ట కొంటే సరిపోతుంది. 11 మిల్లీమీటర్ల తాడు మీటరుకు 75 నుంచి 80 గ్రాములుంటుంది, మొత్తం చుట్ట ఎనిమిది కిలోల లోపే. మిగిలిన పది మీటర్లు పిల్లర్ల దగ్గర ముడులకు పనికొస్తాయి. నడుముకు కట్టుకునే పొట్టి లాన్యార్డులకు, అంటే హార్నెస్‌ను ఆధారానికి తగిలించే ముక్క తాళ్ళకు మాత్రం ఆ ముక్క వాడకండి. వాటికి ఈఎన్ 892 రకం సాగే తాడు కావాలి, లేకపోతే చిన్న జారుడు కూడా గట్టి కుదుపు ఇస్తుంది.

తాడు కిందికొస ముడి గురించి ఎంత చెప్పినా తక్కువే. కింది కొసకు అర మీటరు పైన లావుపాటి ఆపుముడి వేయకపోతే, తాడు పొట్టి అయిన రోజు మనిషి దిగుతూ దిగుతూ పరికరంతో సహా కొసలోంచి జారిపోతాడు. ముడి పరికరం గుండా దూరకుండా ఉండాలి. పై కొసకు ఎనిమిది ఆకారపు ముడి, వదులు కొస కనీసం ఒక జానెడు మిగిలేలా. పురితాడుకు వేసే రెండు మెలికల కట్టు నునుపైన అల్లిక తాడు మీద నిలవదు.

తాడు తెగేది ఎక్కువగా అంచు దగ్గర. పిట్టగోడ మీద గ్రానైట్ పలక, కిటికీ పైన సన్‌షేడ్ కొస, రేకు అంచు, ఏలివేషన్ టైల్ మూల. బరువు మీద బిగిసిన తాడు పదునైన అంచు మీద అటూ ఇటూ జరిగితే కొబ్బరి ముక్క కత్తిపీట మీద తెగినంత సులువుగా తెగుతుంది. పెయింటరు చెయ్యి అందని మూలకు కాళ్ళతో గోడను తన్ని పక్కకు ఊగుతాడు చూడండి, ప్రతి ఊపుకూ పైన తాడు ఆ గ్రానైట్ అంచు మీద ఒక్కసారి రాపిడి తింటుంది. అతనికి కనపడదు, వినపడదు. రెండు తాళ్ళూ పక్కపక్కనే ఒకే అంచు మీంచి వస్తే రెండూ ఒకేసారి అరిగిపోతాయి. అంచు మీద రోలర్ కానీ, కనీసం మూడు పొరల గట్టి క్యాన్వాస్ తొడుగు కానీ వేసి, అది పక్కకు జారిపోకుండా దాన్నే ఒక చిన్న తాడుతో మిద్దె మీద కట్టాలి. పక్కకు ఒక మీటరుకు మించి జరగాల్సి వస్తే పైకి వచ్చి తాళ్ళు మార్చుకోవాలి. దీనికి అరగంట పడుతుంది, పని ఇచ్చినవాళ్ళు ఆ అరగంటను లెక్కలో వేసుకోవాలి.

పరికరాల్లో మొదటిది డిసెండర్, తాడు మీద మెల్లగా దిగడానికి. చెయ్యి వదిలేస్తే దానంతటదే ఆగిపోయేది కొనాలి. భయంతో పిడి మొత్తం లాగేసినా ఆగిపోయే రకమైతే ఇంకా మంచిది. ఎనిమిది ఆకారపు లోహపు రింగు చవగ్గా దొరుకుతుంది, కొండలెక్కేవాళ్ళు వాడతారు, కానీ అది చెయ్యి వదిలితే ఆగదు, తాడును మెలిపెడుతుంది. రెండు చేతులతో రోలరు పట్టుకుని పనిచేసేవాడికి అది పనికిరాదు. రెండోది రక్షణ తాడు మీద జారే పరికరం. అది ఎప్పుడూ భుజం ఎత్తుకు పైన ఉండాలి. నడుం కింద వదిలేస్తే పడే దూరం రెట్టింపు అవుతుంది. ఇక్కడొక పెద్ద పొరపాటు జరుగుతుంది. మన షాపుల్లో 'రోప్ గ్రాబ్' పేరుతో దొరికేవి చాలావరకు 14, 16 మిల్లీమీటర్ల పురితాళ్ళకు చేసినవి, కొన్ని ఉక్కు తీగతాడుకు చేసినవి. వాటిని 11 మిల్లీమీటర్ల అల్లిక తాడు మీద వేస్తే దూరుతాయి, బరువు పడితే పట్టవు. పరికరం ఒంటిమీద తాడు బొమ్మ పక్కన మందం చెక్కి ఉంటుంది, ఉదాహరణకు 10 నుంచి 12 అని. మీ తాడు ఆ హద్దుల్లో ఉండాలి. బొమ్మలో పైకి చూపే బాణం గుర్తు పైకే ఉండేలా వేయాలి. తలకిందులుగా వేస్తే అది ఉన్నా లేనట్టే. కొన్నాక నేల మీద, అడుగు ఎత్తులో, గట్టిగా కూర్చుని లాగి పట్టు చూసుకుని కానీ పైకి తీసుకెళ్ళకండి.

పైకి ఎక్కాలంటే అసెండర్లు రెండు కావాలి: చేతిది ఒకటి, ఛాతీ దగ్గర బిగించేది ఒకటి, చేతిదానికి కాలు పెట్టే నవారు మెట్టు. కాలు చాచి నిలబడినప్పుడు ఛాతీది పైకి జరుగుతుంది, కూర్చుంటే పట్టుకుంటుంది, అప్పుడు చేతిదాన్ని జరుపుతారు. మెట్టు పొడవు సరిచూడకపోతే ఒక్కో అడుగుకు పది సెంటీమీటర్లే ఎక్కుతారు, రెండో అంతస్తుకే చేతులు పడిపోతాయి. కాలు నిటారుగా చాచినప్పుడు చేతి అసెండరు ఛాతీదాని కన్నా ఒక్క వేలు పైనే ఉండాలి, అదీ కొలత. అసెండరులో తాడును నొక్కిపట్టే కామ్‌కు పళ్ళుంటాయి. నాలుగు నుంచి ఆరున్నర కిలోన్యూటన్ల కుదుపుకే ఆ పళ్ళు తాడు తొడుగును చీల్చేస్తాయి. అందుకని అసెండరు మీద పడే పరిస్థితే రానివ్వకూడదు, తాడు ఎప్పుడూ బిగుతుగానే ఉండాలి. ఆరు, ఏడు మిల్లీమీటర్ల దారంతో చుట్టే ప్రూసిక్ ముడి ఎక్కడానికి అత్యవసరంలో పనికొస్తుంది. అదే దారాన్ని రక్షణగా పెట్టుకుని దిగితే, జారినప్పుడు పుట్టే వేడికి కరిగి తెగిపోతుంది.

కారబైనర్లు నాభికి, డిసెండరుకు, రక్షణ పరికరానికి, పిల్లర్ల దగ్గర అన్నిటికీ కలిపి ఒక్కో మనిషికి ఎనిమిది నుంచి పది పడతాయి. ఒంటి మీద చెక్కిన అంకెలు చూడండి. నిలువుగా లాగితే 22 నుంచి 25 కిలోన్యూటన్లు, గేటు తెరిచి ఉంటే చాలావాటికి ఏడే. తిప్పి మూసే స్క్రూ గేటు గోడకు రాసుకుంటూ తిరిగి తెరుచుకుంటుంది, కాబట్టి తనంత తానే తాళం పడేవి కొనండి. అంకెలు లేని ఇనుప హుక్కు బరువులు లాగడానికి సరే, దానికి మనిషిని కట్టకండి.

విచ్చుకుని కుదుపును మింగే షాక్ అబ్జార్బర్ లాన్యార్డు గురించి ఒక హెచ్చరిక. అది కుదుపును ఆరు కిలోన్యూటన్ల లోపు ఉంచుతుంది, చాలా మంచి వస్తువు. కానీ దానికి కింద చోటు కావాలి. రెండు మీటర్ల లాన్యార్డు, అబ్జార్బర్ విచ్చుకోవడానికి 1.75, రింగు నుంచి కాళ్ళ దాకా 1.5, జాగ్రత్తకు ఒక మీటరు, మొత్తం కట్టిన చోటుకు కింద 6.25 మీటర్లు ఖాళీ ఉండాలి. అంటే మొదటి, రెండో అంతస్తు దగ్గర, తొమ్మిది మీటర్ల దీపస్తంభం సగంలో దాని మీదే ఆధారపడితే అది విచ్చుకునేలోపే మనిషి నేలను తాకుతాడు. అక్కడ పడే అవకాశమే లేకుండా బిగుతుగా ఆనుకునే పట్టీ కావాలి.

దీపస్తంభాల పని వేరు, ఇక్కడ పైన తాడు కట్టడానికి పిల్లర్ ఉండదు. 20, 30 మీటర్ల హైమాస్ట్‌కు దీపాల చట్రాన్ని కిందికి దించే వించ్, తీగతాళ్ళు స్తంభం లోపలే ఉంటాయి, కాబట్టి దాన్ని ఎక్కే అవసరమే రాకూడదు. చట్రం ఒక పక్కకు ఒరిగి ఇరుక్కుపోతే వించ్‌ను బలవంతంగా తిప్పితే తీగతాడు కప్పీలోంచి తప్పి ఇంకా బిగుసుకుంటుంది. కరెంటు ఆపి, బాక్సుకు తాళం వేసి, కింద మనుషుల్ని దూరం పంపి, బుట్ట ఉన్న క్రేను పిలిపించాలి. అంతకు తక్కువ ఎత్తు స్తంభాలకు స్కైలిఫ్టు చాలు. ఏ లిఫ్టూ దూరని సందులో తప్పనిసరిగా ఎక్కాల్సి వస్తే నిచ్చెనకు తోడు హార్నెస్ పక్క రింగుల నుంచి స్తంభం చుట్టూ రెండు చుట్లు వేసిన పట్టీ, దాంతో పాటు విడిగా జంట లాన్యార్డు. ఒక హుక్కు తగిలించే వరకు రెండోదాన్ని తీయకూడదు.

గీత కార్మికులు తాటిచెట్టు ఎక్కడానికి వాడే మోకు, ముత్తాదు చూసి ఇదే పద్ధతిలో స్తంభం ఎక్కొచ్చు అనుకునేవాళ్ళున్నారు. తాటిమాను గరుకు, మోకు కరుచుకుంటుంది. జింకు పూసిన ఇనుప స్తంభం నునుపు, వాన పడితే మరీ. పైగా మోకు ఒక్కటే ఆధారం, అది తెగితే రెండోది లేదు. 2024 జులైలో తెలంగాణలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు పంపిణీ మొదలైంది. తరాలుగా మోకుతో ఎక్కుతున్నవాళ్ళకే అది అవసరమని ఒప్పుకున్నాక, మూడు నెలల అనుభవమున్న కుర్రాణ్ణి నడుం బెల్టుతో స్తంభం ఎక్కించడానికి మనకు ఏ సాకూ లేదు.

సామాను ఎలా పాడవుతుందో కూడా తెలియాలి. టైల్స్ కడగడానికి వాడే యాసిడ్ నైలాన్‌ను తినేస్తుంది. తడిసినట్టు కూడా కనిపించదు, ఆరాక రంగు కొంచెం మారుతుంది అంతే. పాలియెస్టర్‌కు యాసిడ్ కన్నా గాఢ క్షారం ఎక్కువ చెరుపు. కాబట్టి యాసిడ్‌తో కడిగే రోజు పాలియెస్టర్ తాడు, పెయింటు రోజు ఏదైనా సరే. తాడు చుట్టను ఆటోలో బ్యాటరీ పక్కన పెట్టడం చాలామందికి అలవాటు, అది కూడా యాసిడే. థిన్నర్ ఒలికిన హార్నెస్‌ను, గట్టిపడిన రంగు మరకలు కుట్టు మీద కప్పేసిన హార్నెస్‌ను తీసి పారేయాలి. కుట్టు కనబడని చోట కుట్టు ఉందో లేదో చెప్పలేం. ప్రతి ఉదయం తాడు మొత్తాన్ని చేతుల్లోంచి జార్చుకుంటూ ప్రతి జానెడుకూ యు ఆకారంలో వంచి చూడాలి. ఒకచోట మెత్తగా చదునుగా మడత పడితే లోపలి గుజ్జు విరిగింది. అద్దంలా మెరిసి గట్టిపడితే కాలింది. తొడుగు లోపలి తెల్ల నూలు కనిపిస్తే అక్కడే కోసేయాలి, పక్కన పెడితే రేపు ఇంకొకరు వాడతారు. పడి ఆగిన హార్నెస్, విచ్చుకున్న అబ్జార్బర్ మళ్ళీ పనికిరావు. నైలాన్ తడిస్తే పది పదిహేను శాతం బలం తగ్గుతుంది, ఎక్కువ సాగుతుంది, అందుకని అక్టోబరు నుంచి వచ్చే వానల్లో ఆరబెట్టకుండా వరసగా వాడకండి. ఉతకడం చల్లని నీళ్ళు, మామూలు సబ్బుతో, ఆరబెట్టడం నీడలో.

హెల్మెట్‌కు గడ్డం పట్టీ ఉండాలి. నిర్మాణాల దగ్గర వాడే ఈఎన్ 397 రకం పట్టీ, తల ఎక్కడైనా ఇరుక్కుంటే ఊడిపోయేలా, 15 నుంచి 25 కిలోల లాగుడుకే విడిపోయేట్టు చేస్తారు. పడేవాడి తల మీద అది నిలవదు. తాడు మీద పనికి పర్వతారోహకుల ఈఎన్ 12492 రకం, దాని పట్టీ 50 కిలోలు తట్టాలి. బకెట్టు, రోలరు, స్క్రేపరు ఒక్కోదానికీ దారం కట్టాలి. ఎనిమిది కిలోలు దాటిన సామాను మనిషికి కట్టకుండా వేరే తాడు మీద దించాలి.

ఇంకొక్క విషయం, అందరూ మరచిపోయేది. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. పావుగంట దాటితే ప్రాణం మీదకు వస్తుంది. 108 వచ్చి, ఫైరింజన్ వచ్చి, నిచ్చెన వేసేదాకా ఆగే సమయం లేదు. అందుకే పైన చెప్పిన 16 మీటర్ల అదనపు తాడు. రెండు తాళ్ళనూ పిల్లర్‌కు నేరుగా ముడివేయకుండా మిద్దె మీదే మరో రెండు డిసెండర్ల గుండా పోనిచ్చి తాళం వేస్తే, పైనున్న మనిషి ఆ రెండింటినీ మెల్లగా వదులుతూ రెండు నిమిషాల్లో కిందికి దించగలడు. అంటే మిద్దె మీద ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, అతనికి ఇది చేతనై ఉండాలి, పని మొదలయ్యే ముందు ఒకసారి ఇసుక బస్తాతో చేసి చూడాలి. చేతి రోలరుతో పెయింటరు ఒక్కడే వేలాడుతూ, సహాయకుడు కింద టీ తాగుతూ ఉండే ఏర్పాటులో ఏ సామాను కొన్నా లాభం లేదు.

ఈ సామాను మొత్తం నడుం బెల్టు ధరకు ఎన్నో రెట్లు అవుతుంది. దాన్ని రోజుకూలీ చేసే పెయింటరు కొనడు, కొనలేడు, కొనాల్సిన అవసరం కూడా లేదు. పని ఇచ్చే లాడ్జీ యజమానులు, అపార్ట్‌మెంటు సంఘాలు, టెండర్లు పిలిచే కార్యాలయాలు ఒప్పందంలో 'సేఫ్టీ బెల్టు' అన్న పదాన్ని తీసేసి దాని చోట ఇలా రాయాలని కోరుతున్నాం: మనిషికి ఒకటి చొప్పున ఐదు రింగుల ఒంటి హార్నెస్, వేర్వేరు పిల్లర్లకు కట్టిన రెండు 11 మిల్లీమీటర్ల తాళ్ళు, తనంత ఆగే డిసెండరు, రక్షణ తాడుకు సరిపడే పరికరం, అంచు తొడుగులు, పైన రక్షణకు మనిషి. దీని ఖర్చును పని ఖర్చులో కలపకుండా విడిగా ఒక వరసలో చూపాలి. కలిపితే తక్కువ ధర కోట్ చేసేవాడు ముందు కోసేది దాన్నే.

కొన్న సామాను మీద కుట్టిన లేబుల్‌ను కత్తిరించకండి. తయారైన నెల, సంవత్సరం, క్రమసంఖ్య, ప్రమాణం దాని మీదే ఉంటాయి. బట్టతో చేసిన ఏ సామానుకైనా, అసలు వాడకపోయినా, తయారైన నాటి నుంచి పదేళ్ళకు మించి ఆయుష్షు చాలా కంపెనీలు ఇవ్వవు. రోజూ వాడితే ఏడాదిలోపే పోవచ్చు. లేబుల్ చదవలేని స్థితిలో ఉంటే ఆ హార్నెస్ తొడ పట్టీలు రెండింటినీ కత్తితో అడ్డంగా కోసి, ఆ తర్వాతే చెత్తలో వేయండి. కోయకుండా వేస్తే అది మరుసటి వారానికి సెకండ్ హ్యాండ్ సామాను కొట్టులో వేలాడుతుంది.

ఇట్లు,
తాడు మీద ఎత్తు పనులు చేసే కొందరు టెక్నీషియన్లు,
తిరుపతి